పాలు కక్కే పసిబిడ్డకు సుఖనిద్ర ఎట్లా?

పాలు తాగిన బిడ్డను పక్క మీద వేయగానే మెలికలు తిరిగి, మొహం ఎర్రబడి, పుల్లటి వాసన కొట్టే పాలు కక్కి గుక్కపట్టి ఏడిస్తే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో తెల్లారేసరికి సలహాలు నాలుగు దిక్కుల నుంచి వస్తాయి. దిష్టి తీయమంటారు ఒకరు. వసకొమ్ము అరగదీసి నాకించమంటారు ఇంకొకరు. తల్లిపాలు పడటం లేదు, డబ్బా పాలు మొదలుపెట్టమంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ చుక్కలు రాసిస్తాడు. పట్నంలో ఉన్న ఆడబిడ్డ ఫోన్ చేసి, తల వైపు ఎత్తుగా ఉండే వాలు పరుపు ఆన్‌లైన్‌లో దొరుకుతుందని చెబుతుంది. ఈ సలహాలన్నిటినీ పక్కపక్కన పెట్టి, గత నలభై ఏళ్ళలో పిల్లల వైద్యులు తేల్చిన విషయాలతో సరిచూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఇట్లాంటి బిడ్డల్లో చాలామందికి మందు అక్కర్లేదు, ప్రత్యేకమైన పడకా అక్కర్లేదు. పాలు పట్టే తీరు సరిచేసేవాళ్ళు, తాగిన తరవాత కాసేపు నిలువుగా ఎత్తుకునేవాళ్ళు, బరువు తూచి చెప్పేవాళ్ళు కావాలి.

అన్నవాహిక, జీర్ణకోశం కలిసేచోట ఒక కండరం బిగింపుగా పనిచేస్తుంది. అది అప్పుడప్పుడు మింగకపోయినా సడలుతుంది. పెద్దవాళ్ళలోనూ ఇది ఉన్నదే. కానీ పసిబిడ్డకు కడుపు చిన్నది, అన్నవాహిక పొట్టిది, తాగేదంతా పలుచని పాలు, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. అందుకని సడలిన ప్రతిసారీ పాలు పైకి వస్తాయి. 1997లో షికాగో ప్రాంతంలో 948 మంది బిడ్డల తల్లిదండ్రులను అడిగి చేసిన అధ్యయనంలో, మూడు నెలల లోపు బిడ్డల్లో సగం మంది రోజుకు ఒక్కసారైనా పాలు కక్కుతున్నారని తేలింది. నాలుగో నెలలో అది 67 శాతానికి పెరిగింది. పది నుంచి పన్నెండు నెలల వయసుకు 5 శాతానికి పడిపోయింది. బిడ్డ కూర్చోవడం నేర్చి, ముద్ద తినడం మొదలుపెట్టి, కండరం గట్టిపడే కొద్దీ సమస్య దానంతట అదే తీరిపోతుంది.

ఈ నాలుగో నెల సంగతి మన దగ్గర ఒక ఆచారంతో కలిసిపోతుంది. తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన ఆడపిల్ల మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి పోతుంది. కక్కడం అత్యంత ఎక్కువగా ఉండే రోజులు సరిగ్గా అవే. నీళ్ళు మారాయనో, కొత్త ఊళ్ళో దిష్టి తగిలిందనో, కోడలు తినకూడనిది తిన్నదనో అనుకోవడం అక్కడ మొదలవుతుంది. ఆ తరవాత ఎనిమిదో నెలకు బిడ్డ కుదుటపడితే, అప్పుడు మెడలో ఉన్న తాయెత్తుకో, చేతిలో ఉన్న మందు సీసాకో ఆ పేరు పోతుంది. వయసు చేసిన పనికి మందుకు కీర్తి రావడం వల్లనే ఈ విషయంలో ఇన్ని మందులు చెలామణిలో ఉన్నాయని నా అభిప్రాయం.

నిద్ర విషయంలో పెద్దవాళ్ళకు ఉండే భయం ఒకటే. వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడి పొలమారుతుందని. అందుకే పక్కకు తిప్పి వీపు వెనక దిండు పెడతారు, లేదా బోర్లా వేస్తారు. ఈ భయం సహజమైనది, ప్రేమ నుంచి వచ్చినది. అయితే శరీర నిర్మాణం దీనికి విరుద్ధంగా ఉంది. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే ఎత్తుకు ఎక్కాలి. బోర్లా వేస్తే ఇది తలకిందులై, పాలు శ్వాసనాళం ద్వారం దగ్గరే పోగవుతాయి. బోర్లా ఉన్న బిడ్డ కక్కడం కొంత తగ్గుతుందన్నది నిజమే, పరీక్షల్లో కూడా అట్లాగే కనిపించింది. కానీ నిద్రలోనే ఊపిరి ఆగి బిడ్డ చనిపోయే ప్రమాదం ఆ భంగిమలో చాలా పెరుగుతుంది. 1991లో బ్రిటన్, 1994లో అమెరికా బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూరా ప్రచారం చేశాక ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. పాలు పొలమారి చనిపోయినవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో కూడా ఇదే చెప్పింది: పాలు కక్కే బిడ్డయినా సరే, గట్టి సమతలమైన పడక మీద వెల్లకిలానే. మెలకువగా ఉండి, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు బోర్లా వేసి ఆడించవచ్చు.

తల వైపు ఎత్తు పెడితే పాలు కిందికి దిగుతాయి కదా అనే ఆలోచన కూడా అంతే సహజం. మంచం కోళ్ళ కింద ఇటుక పెట్టేవాళ్ళున్నారు. పరీక్షించి చూస్తే వెల్లకిలా ఉన్న బిడ్డకు తల ఎత్తడం వల్ల కక్కడం తగ్గలేదు. బిడ్డ జారి కిందికి వచ్చి, మెడ వంగి, గడ్డం ఛాతీకి ఆనితే సన్నని శ్వాసనాళం నొక్కుకుపోతుంది. అమెరికాలో బాగా అమ్ముడుపోయిన ఒక వాలు ఊయల మీద ముప్పైకి పైగా శిశు మరణాలు నమోదయ్యాక, 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల ఊయలలను వెనక్కి తీసుకున్నారు. 2022లో పది డిగ్రీలకు మించి వాలు ఉండే శిశు పడకలను అక్కడ చట్టమే నిషేధించింది. సీటులా ఉండే వాలు కుర్చీల్లో కూర్చోబెట్టినా లాభం లేదు. పొట్ట మడతపడి కడుపు మీద ఒత్తిడి పెరగడంతో పాలు ఇంకా ఎక్కువ కక్కుతారని 1980ల్లోనే గమనించారు.

మన తొట్టెల సంగతేమిటి? ఇరవయ్యొకటో రోజు తొట్టెలలో వేసి పేరు పెట్టని ఇల్లు ఈ రెండు జిల్లాల్లో అరుదు. అడుగున పలక ఉండే చెక్క తొట్టెలతో పేచీ లేదు. దూలానికి పాత చీర కట్టి వేసే తొట్టెల వేరు. అందులో బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీ మీదికి వస్తుంది, చీర అంచులు రెండు వైపులా మొహానికి దగ్గరగా మూసుకుంటాయి. ఊగుతుంటే బిడ్డ తొందరగా నిద్రపోతుంది, నిజమే. పగటిపూట తల్లో అవ్వో పక్కనే కూర్చుని ఊపుతూ నిద్రపుచ్చి, తరవాత చాప మీదికి మార్చడం మేలు. రాత్రంతా చీర తొట్టెలలో వదిలేయడం, ముఖ్యంగా మూడు నెలల లోపు బిడ్డను, నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

నేల మీద చాప పరిచి, దాని మీద బాగా మడిచిన బొంత వేసి పడుకోబెట్టే మన పద్ధతి మాత్రం ఈ విషయంలో చాలా మంచిది. అది గట్టిగా, సమంగా ఉంటుంది, పడిపోయే భయం లేదు. కుంగిపోయిన నులకమంచం కంటే నేల నయం. తల్లి పక్కనే, అయితే బిడ్డకు విడిగా మరో బొంత వేయాలి. కల్లో సారానో తాగిన మనిషి, బీడీ కాల్చే మనిషి ఆ పక్కలో పడుకోకూడదు. ఆవాల దిండు, మెత్తటి బొమ్మలు, తల చుట్టూ గుడ్డల చుట్టలు తీసేయాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో దోమతెర ఉన్న చిన్న పరుపు వచ్చిన ఇళ్ళున్నాయి. దోమల నుంచి కాపాడటానికి అది పనికొస్తుంది. అట్లాంటి పరుపులతో వచ్చే దిండు మాత్రం పక్కన పెట్టేయాలి. మే నెలలో ఈ రాళ్ళ నేల నిప్పులు కక్కుతున్నప్పుడు బిడ్డకు టోపీ, సాక్సు, రెండు పొరల గుడ్డ చుట్టి పడుకోబెట్టడం కూడా తగదు. ఎండలకు బిడ్డకు దాహమవుతుందని నీళ్ళు తాగించడమూ వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలలో ఉండే నీళ్ళే చాలు, ఎండాకాలంలో మరో రెండుసార్లు పాలు పట్టాలి.

అసలు మేలు జరిగేది పాలు పట్టే దగ్గర. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు 37 శాతమే. కోత నొప్పితో లేవలేని తల్లి పడుకునే పాలిస్తుంది. బిడ్డ కూడా సమంగా పడుకుని తాగుతుంది, చనుమొన సరిగా నోట పట్టదు, పాలతో పాటు గాలి మింగుతుంది. ఆ గాలి పైకి వచ్చేటప్పుడు పాలను వెంట తెస్తుంది. తల్లి వీపుకు గోడ ఆసరా, ఒడిలో మడత దుప్పటి, బిడ్డ తల పొట్ట కంటే ఎత్తులో, నోరు బాగా తెరిచి చనుమొన చుట్టూ నల్లటి భాగం ఎక్కువగా నోట్లోకి వచ్చేటట్టు పట్టాలి. పాలు చిమ్మేంత నిండుగా ఉంటే ముందు కొంచెం పిండేసి ఇవ్వాలి. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లే దాకా ఆగితే బిడ్డ ఆత్రంగా లాగుతుంది. పెదవులు చప్పరించడం, చేయి నోట్లో పెట్టుకోవడం కనిపించగానే ఇస్తే నెమ్మదిగా తాగుతుంది. ఒక రొమ్ము తాగాక ఆపి, భుజాన వేసుకుని తేపు వచ్చేదాకా వీపు నిమరాలి. దబదబా కొట్టనక్కర్లేదు, అరచేతితో కింది నుంచి పైకి రాస్తే చాలు. ఆ తరవాత రెండో రొమ్ము. అంతా అయ్యాక ఇరవై, ముప్పై నిమిషాలు నిలువుగా ఎత్తుకోవాలి. రాత్రి రెండు గంటలకు ఈ అరగంట తల్లి ఒక్కతే మోయడం కష్టం. ఇది తండ్రి చేయదగిన పని. తాత కూడా చేయవచ్చు.

సీసాతో పాలు తాగే బిడ్డల్లో కక్కడానికి పెద్ద కారణం అతిగా పట్టడం. రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్లు చాలు. నాలుగు కిలోల బిడ్డకు రోజంతా కలిపి 600. ఎనిమిది సార్లు పడితే ఒక్కసారికి 75. సీసా మీద ఉన్న గీతల దాకా ప్రతిసారీ తాగించాలని పట్టుబడితే, ఎక్కువైనవి బిడ్డ తిప్పి పంపేస్తుంది.

బిడ్డ కక్కితే తల్లిపాలు పడటం లేదని అనుకోవడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట. తల్లిపాలు కడుపులో తొందరగా కిందికి దిగుతాయి. డబ్బా పాలకు మారిస్తే కక్కడం తగ్గకపోగా నీళ్ళ బాధ వచ్చి పడుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ చేసిన ఘోరం చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. తల్లి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా ఆమె పాలలోకి వచ్చేది అతి స్వల్పం. అదే బోరు నీళ్ళతో పొడి కలిపితే ఆ ఫ్లోరైడ్ మొత్తం బిడ్డ కడుపులోకి పోతుంది. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు, కాగే కొద్దీ చిక్కబడుతుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాక పరిస్థితి మారింది. నల్లా రాని రోజు బోరు నీళ్ళే వాడే ఇళ్ళల్లో మాత్రం ఈ జాగ్రత్త ఇప్పటికీ తప్పదు.

పాలు చిక్కగా ఉంటే కక్కవని బిస్కెట్ నానబెట్టి, ఉగ్గు కలిపి పట్టడం మరో అలవాటు. ఆరు నెలల లోపు ఇది తగదు. డబ్బా పాలు తాగే కొద్దిమంది బిడ్డలకు డాక్టర్లు చిక్కని పాలపొడి రాస్తారు గానీ అది వాళ్ళు చూసి నిర్ణయించాల్సిన విషయం. తేనె ఏడాది దాకా వద్దు.

ఇక అవ్వల చేతి పనుల గురించి. వాకిట్లో పీట మీద కూర్చుని, రెండు కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, చెంబుతో వేడినీళ్ళు పోసే స్నానం చూడముచ్చటైన విద్య. ఆ చేతుల్లో మెడ ఎక్కడ పట్టాలో, తొడలు ఎంత నొక్కాలో తెలిసిన నేర్పు ఉంటుంది. స్నానం తరవాత బిడ్డ గంటల తరబడి పడుకుంటుంది. దీన్ని మానమనేవాళ్ళతో నేను ఏకీభవించను. క్రమం మాత్రం మారాలి. పాలు తాగిన వెంటనే బోర్లా వేసి పొట్ట నొక్కితే తాగినవన్నీ బయటికి వస్తాయి. పాలకూ స్నానానికీ గంటైనా ఎడం ఉండాలి, స్నానం అయ్యాకే మళ్ళీ పాలు. ముక్కులో, గొంతులో నూనె చుక్కలు పోయడం పూర్తిగా మానేయాలి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే నిమోనియా మామూలు మందులకు లొంగదు. మూసిన గదిలో సాంబ్రాణి పొగ కూడా బిడ్డ శ్వాసకు మంచిది కాదు. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల్లో అది క్యాన్సర్ కలిగించిందని తేలాక అమెరికా 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. మాటలు బాగా వస్తాయని, కడుపు శుభ్రపడుతుందని నెలల బిడ్డకు అది నాకించాల్సిన అవసరం లేదు.

మందుల విషయంలో తేలిన సంగతులు ఇంకా సూటిగా ఉన్నాయి. పసిబిడ్డల కడుపులో యాసిడ్‌ను పాలే చాలావరకు విరిచేస్తాయి. తాగిన వెంటనే పైకి వచ్చేది ఎక్కువగా పాలే, ఘాటైన యాసిడ్ కాదు. అందుకే యాసిడ్ తగ్గించే మందు ఇచ్చినా కక్కడం ఆగదు. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో 162 మంది బిడ్డలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు లాన్సోప్రజోల్, మరో జట్టుకు మందు లేని ద్రావకం ఇచ్చారు. రెండు జట్లలోనూ 54 శాతం మందికి ఏడుపు తగ్గింది. పైగా ఇట్లాంటి మందులు వాడే పిల్లల్లో విరేచనాలు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. రానిటిడిన్‌ను క్యాన్సర్ కారక కల్మషం వల్ల అమెరికా 2020 ఏప్రిల్‌లో మార్కెట్ నుంచి తీయించింది. మన దేశం 2022 సెప్టెంబర్‌లో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించింది. వాంతులకు ఇచ్చే డోంపెరిడోన్ గుండె లయను చెదరగొట్టగలదు కాబట్టి యూరప్‌లో దాని వాడకాన్ని బాగా కుదించారు. కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమైన్ చుక్కలు ఆరు నెలల లోపు బిడ్డకు ఊపిరి ఆగే ప్రమాదం తెస్తాయి, అసలు ముట్టుకోకూడదు. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ చేసినది. అప్పటి సీసాలో సారాయి, చక్కెర, సోపు లాంటి దిల్ గింజల నూనె, సోడా ఉండేవి. ఇప్పటి సీసాల్లో సారాయి లేకపోయినా, కక్కడం ఆపుతుందనడానికి రుజువు లేదు.

ఏడ్చిన ప్రతి బిడ్డకూ యాసిడ్ ఉందనుకోవడం కూడా పొరపాటే. ఆరో వారం ప్రాంతంలో ఏడుపు చాలామంది బిడ్డల్లో పతాకస్థాయికి చేరి, మూడు, నాలుగు నెలలకు తగ్గుతుంది. రాత్రి రెండు మూడుసార్లు లేవడం ఆ వయసుకు మామూలే.

మరి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలి? వాంతి ఆకుపచ్చగా వస్తే ఆ గంటలోనే. పేగు మెలిక పడి ఉండవచ్చు. రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య, తాగిన ప్రతిసారీ మూరెడు దూరం చిమ్మేటట్టు కక్కి, మళ్ళీ ఆకలితో ఏడుస్తుంటే జీర్ణకోశం కింది ద్వారం కండరం మందమై ఉండవచ్చు. స్కానింగ్‌లో తెలుస్తుంది, చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతుంది. వాంతిలో నెత్తురు, జ్వరం, మగతగా పడి ఉండటం, మాడు ఉబ్బడం, పొట్ట ఉబ్బడం, ఊపిరి ఆడక నీలబడటం, రోజుకు ఆరుసార్ల కంటే బాగా తక్కువ మూత్రం, ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన కక్కడం, ఏడాదిన్నర దాటినా ఆగకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి. ఆపరేషన్ అవసరమైతే హైదరాబాద్ నీలోఫర్‌కు పంపుతారు. చర్మం మీద పొక్కులు, విరేచనంలో జిగురు, నెత్తుటి చారలు ఉంటే పాల ప్రోటీన్ పడకపోవడం కావచ్చు. అప్పుడు తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు మానేసి చూడమంటారు. ఆవు పాలు పడని బిడ్డకు బర్రె పాలూ మేక పాలూ కూడా పడవు. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద రోజూ ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు ఆ తల్లి తాగకూడదు కాబట్టి, బదులుగా గుడ్డు, పప్పు, పల్లీలు పెంచి పెట్టాలి. డాక్టర్ చెప్పకుండా సొంతంగా ఈ పత్యం చేస్తే బాలింత చిక్కిపోతుంది.

వీటన్నిటికీ ముందు చూడాల్సింది బరువు. మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతూ, హుషారుగా ఆడుతున్న బిడ్డకు పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోతే, ఎంత కక్కినా భయం లేదు. తూచేదెవరు? ఆశా కార్యకర్త సంచిలో త్రాసు ఉంటుంది. 2011లో మొదలైన పథకం ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్ళి చూస్తుంది. 2018లో వచ్చిన మరో పథకం ప్రకారం ఆ తరవాత వచ్చేది మూడో నెలలో, మళ్ళీ ఆరో నెలలో. ఏడుపు పతాకస్థాయికి చేరే ఆరో వారం దగ్గర మొదటి దఫా ముగుస్తుంది. కక్కడం ముదిరే నాలుగో నెల రెండు సందర్శనల మధ్య పడిపోతుంది. అదే సమయంలో తల్లి ఊరు మారుతుంది, కొత్త ఊళ్ళో ఆశాకు ఆమె పేరు కూడా తెలియదు. ఆ ఖాళీలోకే మందు సీసాలు వస్తున్నాయి.

పాలమూరు (మహబూబ్‌నగర్) వలస కూలీల బిడ్డల గతి ఇంకా కష్టం. ముంబై, పుణె, హైదరాబాద్ కట్టడాల దగ్గర సెంట్రింగ్ కర్రలకు చీర కట్టి బిడ్డను వేసి, తల్లి ఇటుకలు మోస్తుంది. పాలివ్వడానికి దొరికేది తిండి విరామం ఒక్కటే. నిండిన రొమ్ము నుంచి బిడ్డ ఒక్కసారిగా ఎక్కువ తాగుతుంది, వెంటనే మళ్ళీ తొట్టెలలో పడుకుంటుంది. అరగంట నిలువుగా ఎత్తుకునేందుకు అక్కడ ఎవరున్నారు? యాభై మందికి మించి ఆడకూలీలు ఉన్న చోట పిల్లల గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ చెప్పింది. ఆ గదిలో నాలుగు చాపలు, పక్కన ఒక ఆయా, పనికి మధ్యలో రెండుసార్లు పాలివ్వడానికి తల్లికి సెలవు దొరికితే ఆ బిడ్డల కక్కడంలో సగం తగ్గుతుందని నా నమ్మకం.

ఊళ్ళో ఉన్న బిడ్డలకైతే ఖాళీని పూరించే దారి ఇప్పటికే ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాల కోసం బుధ, శనివారాల్లో ప్రతి తల్లీ ఏఎన్ఎం దగ్గరికి వస్తుంది. ఊరు మారినా టీకా మాత్రం తప్పించరు. పద్నాలుగో వారం అంటే నాలుగో నెలే. ఆ రోజు సూది వేసే ముందు బిడ్డను తూచి, మాతా శిశు కార్డులో గీత కలిపి, మూడు ప్రశ్నలు అడగాలి: ఏ రంగులో కక్కుతోంది, రాత్రి ఎక్కడ, ఎట్లా పడుకోబెడుతున్నారు, ఏ చుక్కలు పోస్తున్నారు. పక్కన అత్తో అవ్వో ఉంటే వాళ్ళను కూడా కూర్చోబెట్టి చెప్పాలి, ఇంట్లో బిడ్డను పడుకోబెట్టేది చాలాసార్లు వాళ్ళే. బరువు గీత కిందికి జారితే అదే రోజు పిల్లల డాక్టర్‌కు చీటీ రాయాలి. గీత నిటారుగా పైకి పోతుంటే ఆ గీతనే వాళ్ళకు చూపించి, మందు సీసా మూత తీయకుండానే పక్కన పెట్టించాలి.